ఘాజీ మునక: కృష్ణన్ ఘనతా, ఘాజీ చేతులారా తెచ్చుకున్నదా?

తూర్పుతీరం
1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది. కమాండర్ జఫర్ ముహమ్మద్ ఖాన్‌తో సహా లోపలున్న 90 మందికి పైగా ఒక్కరూ మిగల్లేదు. అప్పుడు తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్. వేరే చర్చలో ఒకాయన "కృష్ణన్‌కి అదృష్టం కలిసొచ్చింది, అంతే" అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోయారు. దాన్ని ఇక్కడ తేల్చుకుందామని పెట్టాను.

ఈయన కుర్చీలో కూర్చుని పైకొచ్చిన మనిషి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పర్షియన్ గల్ఫ్‌లో శత్రు నౌక మీదికి ఎక్కి పట్టుకున్నందుకు డి.ఎస్.సి. అనే బ్రిటిష్ శౌర్య పతకం వచ్చింది. 1961లో పోర్చుగీసువాళ్ల నుంచి డయ్యూని తీసుకున్నప్పుడు దాని ముందు నిలిచిన 'ఢిల్లీ' అనే పెద్ద యుద్ధనౌకకి (క్రూయిజర్) కెప్టెన్. 1971లో ఆయన చేతికొచ్చిన విమానవాహక నౌక విక్రాంత్ బాయిలర్‌లో పగులు ఉంది, పూర్తి వేగం అందుకోలేదు. నాలుగు బాయిలర్లలో ఒకటి పనికిరాని విమానవాహక నౌకని వెతుక్కుంటూ ఘాజీ నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరింది. కృష్ణన్ విక్రాంత్‌ని మద్రాసు నుంచి తీసి అండమాన్‌లో పోర్ట్ కార్న్‌వాలిస్ దగ్గర దాచారు. దాని బదులు రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ని విశాఖకి 160 మైళ్ల దూరం పంపి, విక్రాంత్ మాట్లాడినట్టు వైర్‌లెస్ మోగించారు. విశాఖలో పెద్ద నౌకకి సరిపడా మాంసం, కూరగాయలు ఆర్డర్ చేయించారు. "మా అమ్మకి ఎలా ఉంది" అని ఒక నావికుడు అడిగినట్టు మామూలు టెలిగ్రాం కూడా పంపించారు. ఘాజీ నమ్మి వచ్చింది, రాజ్‌పుత్ డెప్త్ చార్జ్‌లకి (నీటిలోపల పేలే బాంబులకి) మునిగింది. ఇందులో అదృష్టం ఎక్కడుంది?

లెక్కల_మాస్టారు
మొదటి భాగం ఒప్పుకుంటాను. చివరి వాక్యం దగ్గరే పేచీ. "రాజ్‌పుత్ డెప్త్ చార్జ్‌లకి మునిగింది" అని ఎవరు చూశారు?

రాజ్‌పుత్ రేవు దాటుతోంది. నౌకని రేవు దాటించే పైలట్‌ని దించేశారు. కుడివైపు ముందు నీళ్లు కలత పడుతున్నట్టు లుకౌట్ చెప్పాడు. రాజ్‌పుత్ కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ వేగం పెంచి అటు వెళ్లి రెండు చార్జ్‌లు వదిలారు. రెండే. తర్వాత ఏమీ కనబడక తన దారిన వెళ్లిపోయారు. సోనార్‌కి (శబ్దంతో నీటికింద వెతికే పరికరం) ఏదీ చిక్కలేదు. నూనె తెట్టు ఆ రాత్రి కనబడలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకలు ఒక్కో దాడిలో మామూలుగా 10 చార్జ్‌లు వేసేవి. సోనార్‌తో పట్టుకుని, గురిపెట్టి వేసినా సుమారు 60 దాడులకి ఒక సబ్‌మెరైన్ మునిగింది. ఇక్కడ చీకట్లో, కంటితో చూసిన నీటి కదలిక మీద, రెండు. నిండా 130 కిలోల మందున్న చార్జ్ అయినా సబ్‌మెరైన్ గట్టి పొట్టని చీల్చాలంటే 6, 7 మీటర్ల లోపల పేలాలి. 12 మీటర్లు దాటితే దీపాలు పగులుతాయి, వాల్వులు కారతాయి, మనుషులు హడలిపోతారు, అంతే.

పాప్‌కార్న్_బాబు
మాస్టారు లెక్క మొదలెట్టారు. కుర్చీ లాక్కుని కూర్చున్నా.

డెక్_చేతులు
మాస్టారూ, 60కి 1 లెక్క అట్లాంటిక్‌ది. అక్కడ సబ్‌మెరైన్ 100, 150 మీటర్ల లోతుకి దిగిపోయేది. పైగా నౌక దగ్గరికొచ్చేసరికి సోనార్ కిరణం సబ్‌మెరైన్ మీదుగా దాటిపోయి చివరి కొన్ని వందల మీటర్లు గుడ్డిగా వెళ్లాలి. చార్జ్ సెకనుకి 2, 3 మీటర్ల చొప్పున దిగుతుంది కాబట్టి 100 మీటర్లు చేరడానికి అర నిమిషం పైనే. ఈలోగా సబ్‌మెరైన్ పక్కకి తప్పుకుంటుంది.

విశాఖ రేవు ముందు ఆ వెసులుబాటు లేదు. ఘాజీ ట్రెంచ్ తరగతి పడవ, 95 మీటర్ల పొడవు. పెరిస్కోప్ లోతులో ఉంటేనే అడుగుభాగం 18 మీటర్ల కిందికి పోతుంది. దానికింద నీళ్లెన్ని? పరిగెత్తే చోటు లేదు. 15 మీటర్లకి పెట్టిన చార్జ్ 5 నుంచి 7 సెకన్లలో పేలుతుంది. లోతు తక్కువైన చోట నేల నుంచి కూడా అదురు తిరిగొస్తుంది.

ఇంకొకటి, వేగం ఎందుకు పెంచారో గమనించండి. 12 నాట్లతో వెళ్తుంటే ఆ 6 సెకన్లలో నౌక జరిగేది 35, 40 మీటర్లే. తన చార్జ్‌కి తన వెనకభాగమే దెబ్బతింటుంది. 24 నాట్లకి వెళ్తే 70 మీటర్లు దాటుతుంది. అయినా రాజ్‌పుత్ గట్టిగా అదిరింది. చార్జ్‌లు చాలా పైనే పేలాయనడానికి అదే గుర్తు.

లెక్కల_మాస్టారు
తరగతి పేరు టెంచ్. ట్రెంచ్ కాదు.

చార్జ్‌లు పైనే పేలాయన్నారు, సంతోషం. మరి చార్జ్‌ల తర్వాత కొన్ని నిమిషాలకి, ఊళ్లో కిటికీలు దడదడలాడేంత పెద్ద పేలుడు ఎందుకు వినిపించింది? 130 కిలోల మందు ఊరిని అదరగొట్టదు. ఆ పెద్ద పేలుడే ఘాజీని చంపింది. చార్జ్‌లకీ దానికీ మధ్య నిమిషాలు గడిచాయి. ఈ నిమిషాల సంగతికి జవాబు చెప్పండి, మిగతావన్నీ తర్వాత.

విశాఖ_వీధులు
డిసెంబరు 4 నేవీ డే చేసేది ఘాజీని ముంచినందుకే కదా? ప్రభుత్వమే ఒప్పుకున్నాక ఇంకా చర్చేంటి?

పాత_పేపర్లు
కాదండీ. నేవీ డే 1971 డిసెంబరు 4 రాత్రి మిసైల్ బోట్లు కరాచీ మీద చేసిన దాడికి గుర్తుగా. విశాఖ బీచ్‌లో విన్యాసాలు జరుగుతాయి కాబట్టి ఇక్కడివాళ్లు ఘాజీకి ముడిపెడతారు. బీచ్ రోడ్డులో 1996లో కట్టిన "విక్టరీ ఎట్ సీ" స్తూపం కూడా మొత్తం 1971 యుద్ధానికి. దాని ఎదురుగా ఇసుకలో కూర్చోబెట్టిన కుర్సురా మన సబ్‌మెరైనే, ఘాజీతో సంబంధం లేదు. ఏటా ఎవరో ఒకరు దాన్నే ఘాజీ అంటారు. సినిమా చూసి "మన సబ్‌మెరైన్ ఘాజీతో పోరాడింది" అనేవాళ్లూ దయచేసి ఆగండి. ఆ రాత్రి అక్కడ మన సబ్‌మెరైన్ లేదు.

కాఫీహౌస్
మరి విశాఖ దగ్గర నీళ్లలో రెండు సబ్‌మెరైన్లు ఉన్నాయంటారే?

పాత_పేపర్లు
రెండోది జపాన్‌ది, ఆర్ఓ-110. 1944 ఫిబ్రవరిలో ఓ కాన్వాయ్ మీదికి వచ్చి ఎస్కార్ట్ నౌకల చేతిలో మునిగింది. దాన్నీ ఇందులో కలిపేయకండి.

తూర్పుతీరం
మాస్టారి నిమిషాలకి నా జవాబు. చార్జ్‌లు పొట్టని నేరుగా చీల్చక్కర్లేదు. ఘాజీ కడుపులో ఏముందో చూడండి: టార్పెడోలు, మైన్లు (నీళ్లలో వదిలే మందుపాతరలు). ఒక టార్పెడో పట్టే చోట సాధారణంగా రెండు మైన్లు పడతాయి. చార్జ్ అదురుకి పడవ ముక్కు కిందికి దిగి నేలకి గుద్దుకుంది, లేదా మంట పుట్టింది, నిమిషాల్లో టార్పెడో గది పేలింది. 2000లో రష్యన్ సబ్‌మెరైన్ కుర్స్క్‌లో మొదటి చిన్న పేలుడికీ రెండో పెద్ద పేలుడికీ మధ్య 2 నిమిషాల 15 సెకన్లు. ఆ మధ్యలో జరిగింది మంటే. నిమిషాలు గడిచాయి కాబట్టి సంబంధం లేదనడం కుదరదు.

లెక్కల_మాస్టారు
కుర్స్క్‌లో పేలింది హైడ్రోజన్ పెరాక్సైడ్ టార్పెడో. పాత అమెరికన్ పడవకి ఆ లెక్క తేకండి.

"లేదా, లేదా" అంటున్నారు చూడండి, అక్కడే ఉంది. మీ దగ్గరున్నవి ఊహలు. నా దగ్గరా ఊహలే, కాకపోతే నావి సర్వసాధారణంగా జరిగేవి.

ఒకటి, బ్యాటరీ. ఈ తరగతిలో 126 సెల్స్ చొప్పున రెండు బ్యాటరీలు, మొత్తం 252. రాత్రుళ్లు స్నార్కెల్ (నీటిపైకి ఎత్తే గాలి గొట్టం) ఎత్తి డీజిల్‌తో చార్జ్ చేయాలి. చార్జింగ్ చివరికొచ్చేసరికి సెల్స్ హైడ్రోజన్ వదలడం మొదలవుతుంది. గాలిలో అది 4 శాతం దాటితే ఒక నిప్పురవ్వ చాలు. బ్లోయర్లు గాలి లాగుతూనే ఉండాలి. శత్రు నౌక అలికిడికి హడావుడిగా స్నార్కెల్ దించి, గాలిదారి మూసి డైవ్ చేస్తే ఆ హైడ్రోజన్ లోపలే ఉండిపోతుంది. ముందు బ్యాటరీ ఆఫీసర్ల గదుల కింద. దానికి ఆనుకునే ముందు టార్పెడో గది.

రెండు, సొంత మైన్లు. మైన్‌ని గొట్టంలోంచి వదిలిన వెంటనే ప్రాణం పోసుకోకుండా ఉప్పునీటిలో కరిగే బిళ్లో గడియారమో అడ్డు పెడతారు. ఆ వ్యవధిలోగా పడవ దూరం వెళ్లాలి. బిళ్ల ముందే కరిగినా, పడవ దారి తప్పి వేసిన వరస మీదికే తిరిగొచ్చినా కథ అయిపోయినట్టే. పాకిస్తాన్ నౌకాదళం చెప్పేదీ ఇదే, మైన్లు వేస్తుండగా ప్రమాదం అని.

రాజ్‌పుత్ లేకపోయినా ఈ రెండూ జరగొచ్చు.

డెక్_చేతులు
టెంచ్. నిజమే.

దారి తప్పడం గురించి మీరే ఎత్తారు కాబట్టి: ఎందుకు తప్పుతుంది? రేవు దగ్గర మైన్లు వేసేవాడికి అన్నిటికన్నా ముఖ్యం తానెక్కడున్నాడో తెలియడం. పెరిస్కోప్‌తో లైట్‌హౌస్ మీద ఒక బేరింగ్ (అది కనబడే దిక్కు కొలత), రేవు దీపాల మీద ఇంకొకటి, రెండూ కలిసిన చోట మనం. ఆ రాత్రి కృష్ణన్ రేవు మార్గసూచక దీపాలన్నీ ఆర్పించారు. చీకట్లో డాల్ఫిన్స్ నోస్ కొండ నల్లటి ముద్ద. అప్పటికి బయటి హార్బర్ లేదు, అది 1976లో వచ్చింది. ఇప్పుడున్న గోడలు ఊహించుకోకండి. ఇక అతనికి మిగిలింది దిక్సూచి, వేగం, గడియారంతో వేసే అంచనా. తీరం వెంబడి ప్రవాహం ఒక నాట్ వేగంతో లాగినా గంటలో దాదాపు 2 కిలోమీటర్లు తప్పుతాడు. ఘాజీ దొరికింది రేవు ముఖానికి 2, 3 కిలోమీటర్ల దూరంలోనే. అంత దగ్గరికి ఎవడూ కావాలని రాడు.

అంటే ప్రమాదమే అనుకున్నా, ఆ ప్రమాదానికి కారణం దీపాలు ఆర్పించిన మనిషి.

తూర్పుతీరం
వంద శాతం! ఇదే నేను చెప్పేది.

లెక్కల_మాస్టారు
మీరు చెప్పింది ఇది కాదు. "డెప్త్ చార్జ్‌లకి మునిగింది" అన్నారు. పైకి వెళ్లి చూసుకోండి.

జాలారిపేట
ఏటండీ ఇది, అడ్మిరలు, కెప్టెను, లుకౌటు అంటారు గానీ ఒక్కలైనా మా పల్లెకారోళ్ల మాట ఎత్తరేటి? మర్నాడు తెల్లారి నూనె తెట్టు సూసింది, తేలిన సామాను, లైఫ్ జాకెట్టు తెచ్చి నేవీకి అప్పజెప్పింది ఎవులు? తెప్ప మీద యేటకెళ్లినోళ్లు. అప్పటిదాకా మునిగినట్టు ఆ అడ్మిరలుకే తెల్దు. కత సెప్పినప్పుడల్లా "స్థానిక జాలరులు" అని రెండు ముక్కల్లో కానిచ్చేస్తారు. పేర్లుండవ్.

తూర్పుతీరం
అన్నా, అది కృష్ణనే రాశారు. జాలర్ల కబురుతోనే డైవర్లని దింపారు. అడుగున ఉన్నది సబ్‌మెరైనే అని తేలాక, పూర్తిగా రూఢి చేసుకుని డిసెంబరు 9న ప్రకటించారు.

జాలారిపేట
రాసినారు. పేర్లు రాసినారా?

పాత_పేపర్లు
జాలర్ల విషయం మాస్టారికి అనుకూలంగా ఇంకో దారి తెరుస్తుంది, ఆయన ఇంకా వాడుకోలేదు. తూర్పు సైన్యం చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న జాకబ్ 2010లో ఏం రాశారంటే: డిసెంబరు 3 పొద్దున కృష్ణన్ ఫోన్ చేసి, జాలర్లకి ఘాజీ శకలాలు దొరికాయని చెప్పారట. 3 పొద్దున! అప్పటికి యుద్ధమే మొదలవలేదు. రాజ్‌పుత్ బయటికి వెళ్లింది ఆ రాత్రి. జాకబ్ మాట నిజమైతే డెప్త్ చార్జ్‌ల కథ మొత్తం ఎగిరిపోతుంది.

పైగా నవంబరు 26న గస్తీ ప్రాంతంలోకి చేరినట్టు ఘాజీ కరాచీకి కబురు పంపాలి. పంపలేదు. అదే 2010లో ఇంకో వార్త: తూర్పు కమాండ్‌లో ఘాజీకి సంబంధించిన రికార్డులు నాశనం చేసేశారని.

లెక్కల_మాస్టారు
వాడుకోలేదంటే కారణం ఉంది. తారీకు తప్పని నా అభిప్రాయం. పెద్ద పేలుడు విన్న జనం అర్ధరాత్రి ప్రధాని రేడియో ప్రసంగం కోసం మేలుకుని ఉన్నవాళ్లు. ఆ ప్రసంగం 3 అర్ధరాత్రి దాటాకే. కబురు పంపకపోవడానికి సబ్‌మెరైన్లకి లక్ష కారణాలు: శత్రు తీరం దగ్గర యాంటెనా ఎత్తి మాట్లాడితే దిక్కు పట్టేస్తారు. జాకబ్ 39 ఏళ్ల తర్వాత రాశారు, ఒకరోజు పొరబడి ఉంటారు.

కానీ రికార్డుల సంగతి మాత్రం నన్ను కలవరపెడుతుంది.

పాప్‌కార్న్_బాబు
ఢాకా లొంగుబాటు ఫోటోలో కృష్ణన్, జాకబ్ ఇద్దరూ వెనక నిలబడే ఉన్నారు. అక్కడే అడిగేసుకోవాల్సింది.

తూర్పుతీరం
మాస్టారూ, మీ గొడవ ఘాజీతో కాదు, కృష్ణన్‌తో. మీకు ఆ మనిషి నచ్చడు. ఒప్పుకోండి.

లెక్కల_మాస్టారు
సరే, అనిపించారు కాబట్టి చెప్తున్నా. నాకు నచ్చనిది మనిషి కాదు, తన యుద్ధానికి తానే సాక్షి, తానే న్యాయమూర్తి కావడం. ఇందర్ సింగ్‌ని పిలిపించి "ఇలా చెయ్" అన్నది కృష్ణన్. ఘాజీలో దొరికిన గడియారం ఆగిన సమయం, ఊళ్లో పేలుడు విన్న సమయం ఒకటేనని రాసిందీ కృష్ణనే. ఆ గడియారం ఘాజీ ఎప్పుడు పేలిందో చెప్తుంది, ఎందుకు పేలిందో చెప్పదు. ఆ రెండోదాన్ని ఆయన తన ఖాతాలో రాసుకున్నారు. బయటివాళ్లు పడవని పైకి తీస్తామని ముందుకొచ్చినా మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. కాగితాలు పోయాయి. ఇక మీరు నమ్మమంటున్నది ఒకే ఒక్కరి మాట.

ఆయన చేసిన తప్పులు ఎవరూ ఎత్తరు. డిసెంబరు మధ్యలో కాక్స్ బజార్ దక్షిణాన ఉఖియా దగ్గర గూర్ఖాలని దింపిన తీరు చూడండి. ల్యాండింగ్ షిప్ ఇసుకతిన్నె మీద ఆగింది. దానికీ తీరానికీ మధ్య లోతైన నీళ్లు. అవతల తీరం వాలు ఎవరూ కొలవలేదు. బరువు మోస్తూ ర్యాంప్ దిగిన జవాన్లు మునిగి చనిపోయారు. అదీ ఆయన కమాండే. స్తూపం దగ్గర ఈ మాట చెప్పరు.

తూర్పుతీరం
ఇప్పుడు దారికొచ్చారు. ఇంతసేపూ సెల్స్, బిళ్లలు, నిమిషాలు అంటూ తిప్పారు. అసలు తగువు ఇది: కమాండర్‌ని దేనితో కొలవాలి? మీరు శవాల లెక్కతో కొలుస్తున్నారు. ముంచితే ఘనుడు, ముంచకపోతే అదృష్టవంతుడు. ఆయన పని ఘాజీని ముంచడం కాదు, విక్రాంత్‌ని కాపాడి తూర్పు పాకిస్తాన్ రేవుల దాకా చేర్చడం. డిసెంబరు 4న విక్రాంత్ మీంచి సీ హాక్ యుద్ధవిమానాలు లేచి కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద పడ్డాయి. సగం ఆవిరితో నడిచే నౌక! ఘాజీ ఆ రాత్రి మునక్కుండా విశాఖ ముందు వారం రోజులు ఖాళీగా తిరుగుతూ ఉన్నా కృష్ణన్ గెలిచినట్టే.

డెక్_చేతులు
దీనికి కాగితం సాక్ష్యం ఉందని కృష్ణన్ రాశారు. శకలాల్లో దొరికిన నవంబరు 25 నాటి కరాచీ సందేశం: వెంటనే "జోన్ విక్టర్" చేరు, విమానవాహక నౌక రేవులో ఉన్నట్టు సమాచారం, అని. విక్టర్ అంటే విశాఖ. అంతకుముందు ఘాజీ మద్రాసు ముందు వెతుకుతోంది. అప్పటికి విక్రాంత్ ఆ ఛాయల్లోనే లేదు.

లెక్కల_మాస్టారు
"కృష్ణన్ రాశారు." మళ్ళీ.

పోనీ సందేశం నిజమే అనుకుందాం. ఘాజీకి మొదటినుంచీ రెండు పనులు: విక్రాంత్‌ని వెతకడం, అది దొరక్కపోతే విశాఖ ముందు మైన్లు వేయడం. టర్కీలో రిపేరుకి పోయినప్పుడు మైన్లు వేసే సదుపాయం పెట్టించుకుని వచ్చింది. మాంసం, కూరగాయలు, అమ్మ టెలిగ్రాం లేకపోయినా అది విశాఖకే వచ్చేది.

తూర్పుతీరం
వచ్చేది, కానీ ఎప్పుడు? విక్రాంత్ దొరకలేదని తేల్చుకున్నాక. విక్రాంత్ విశాఖలో ఉందని నమ్మినంతకాలం అండమాన్ వైపు తల తిప్పదు. ఆ నమ్మకమే ఎర. లూబ్రికేటింగ్ ఆయిల్ సంగతి మర్చిపోయారా? సబ్‌మెరైన్లు, మైన్లు ఏరే నౌకలు మాత్రమే వాడే రకం నూనె గురించి చిట్టగాంగ్‌ని అడిగిన సందేశం నవంబరులో మనవాళ్ల చెవిన పడింది. ఘాజీ బంగాళాఖాతంలోకి వస్తోందని ఆయనకి అలా తెలిసింది. తెలిసి ఎర వేశాడు. రికార్డులు పోవడం ఆయన తప్పు కాదు, 1982లోనే పోయారు పాపం.

విశాఖ_వీధులు
ఇద్దరూ ఒకటే చెప్తున్నట్టుంది నాకు.

లెక్కల_మాస్టారు
కాదు. ఎర వేసినందుకు దండ వేస్తాను. ముంచినందుకు వేయను. 90 మంది చావుని ఖాతాలో రాసుకునే ముందు రుజువు కావాలంటున్నాను. ఇంతకు మించి నాది ఏ పక్షం కాదు.

పాత_పేపర్లు
రుజువు దొరికే అవకాశం ఇంకా ఉంది. 2024 ఫిబ్రవరిలో నౌకాదళం, మునిగిన సబ్‌మెరైన్లలోంచి మనుషుల్ని కాపాడే చిన్న జలాంతర వాహనంతో ఘాజీ ఉన్న చోటు మళ్ళీ గుర్తించింది. చనిపోయినవాళ్ల మీద గౌరవంతో తాకకుండా వదిలేసింది, సరైన పనే. కానీ తాకకుండా కెమెరాతో చూడొచ్చు కదా. ముందుభాగం రేకులు బయటికి విచ్చుకున్నాయా, లోపలికి ముడుచుకున్నాయా?

డెక్_చేతులు
అది తేల్చదండీ. అప్పటి డైవర్లు చెప్పినదాన్ని బట్టి ముందుభాగం లోపలి పేలుడుకే చీలింది. బయటికి విచ్చుకుంటే లోపల పేలినట్టు, ఒప్పుకున్నా. కానీ ఆ లోపలి పేలుడు హైడ్రోజన్‌తో మొదలైందా, చార్జ్ అదురుతో మొదలైందా రేకులు చెప్పవు. చూడాల్సింది వేరే ఉంది. టార్పెడో గొట్టాల బయటి తలుపులు తెరిచి ఉంటే మైన్లు వేస్తున్నట్టు. మూసి ఉండి, ముందు రెక్కలు పూర్తి డైవ్ కోణంలో ఉంటే దేన్నో తప్పించుకుని కిందికి దిగుతున్నట్టు. స్నార్కెల్ మాస్ట్ పైకి ఉంటే చార్జింగ్‌లో ఉన్నట్టు, రాజ్‌పుత్‌ని గమనించనేలేదు. పెరిస్కోప్ ఎత్తి ఏ దిక్కుకి తిరిగి ఉందో అదింకా మంచి సాక్ష్యం.

లెక్కల_మాస్టారు
ముందుభాగమే చీలిపోతే తలుపులెక్కడ మిగిలాయి చూడ్డానికి? స్నార్కెల్ సంగతి మాత్రం ఒప్పుకుంటా. మాస్ట్ పైకి ఉందని తేలితే నేను గెలిచినట్టు. కిందికి ఉంటే తూర్పుతీరం గారు గెలిచినట్టు కాదు.

తూర్పుతీరం
అదేం న్యాయం మాస్టారూ!

లెక్కల_మాస్టారు
రెండో నంబరు కారణం మిగిలే ఉంది కదా. మైన్లు.